ఏఏకే1 ఎంజైమ్ గ్రాహకాల ప్రవేశాన్ని ఎలా నియంత్రిస్తుందో కొలవడం: ట్రాన్స్‌ఫెరిన్ ప్రయోగానికి సమగ్ర మార్గదర్శి

కణత్వచం మీద ఉండే గ్రాహకాలు (బయటి అణువులను పట్టుకునే ప్రోటీన్లు) ఎడతెగకుండా కణంలోకి వెళ్తూ ఉంటాయి, వాటిలో చాలా భాగం మళ్లీ పైకి వస్తూ ఉంటాయి. ఈ రాకపోకలను అదుపు చేసే మానవ ఎంజైములలో ఏఏకే1 ఒకటి. ఏపీ2-అసోసియేటెడ్ కైనేజ్ 1 అన్నది దాని పూర్తి పేరు. ఇతర ప్రోటీన్లలోని సెరీన్, థ్రియోనీన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్‌ను చేర్చడం దీని పని. దీని జన్యువు 2వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంది, పొడవైన రూపంలో ఈ ప్రోటీన్‌కు 961 అమైనో ఆమ్లాలు ఉంటాయి. షాన్ కానర్, శాండ్రా ష్మిడ్ 2002లో దీనిని గుర్తించి, ఏపీ-2 అనే ప్రోటీన్ సముదాయంతో దీనికి ఉన్న సంబంధాన్ని వివరించారు.

కణ జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవారు, పీహెచ్‌డీ మొదలుపెట్టినవారు ఈ ఎంజైమ్ పనిని సొంతంగా కొలవాలనుకుంటే ఏ వరుసలో నడవాలో ఈ వ్యాసం చెబుతుంది. ఇందులో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ అయిన ట్రాన్స్‌ఫెరిన్ తన గ్రాహకాన్ని పట్టుకుని కణంలోకి వెళ్తుంది, ఈ ప్రయోగంలో కొలిచేది దానినే. కణం లోపల కనిపించే ట్రాన్స్‌ఫెరిన్ మొత్తాన్ని ఒకే ఒక్క సమయంలో కొలిచి, దానినే ‘ప్రవేశం’ అనడం సరికాదు. చెరువులో నీటిమట్టం చూసి కాలువ గుండా ఎంత నీరు వచ్చిందో చెప్పలేం, ఎందుకంటే తూము గుండా బయటికి పోయిన నీరు ఆ మట్టంలో కనిపించదు. ఏఏకే1 విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ ఎంజైమ్ ప్రవేశంలోనూ, తిరిగి పైకి వెళ్లే ప్రయాణంలోనూ పాత్ర వహిస్తుందని పరిశోధనలు చూపించాయి.

ముందుగా యంత్రాంగం

ఏపీ-2 సముదాయంలో ఆల్ఫా, బీటా-2, మ్యూ-2, సిగ్మా-2 అనే నాలుగు ఉపభాగాలు ఉంటాయి. ఇది ఒకవైపు కణత్వచంలోని ఫాస్ఫాటిడిల్ ఇనోసిటాల్ 4,5-బిస్‌ఫాస్ఫేట్ అనే కొవ్వును, మరోవైపు గ్రాహకపు తోకను, ఇంకోవైపు కణత్వచాన్ని లోపలికి వంచి తిత్తిగా మలిచే క్లాథ్రిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని, మూడింటినీ ఒకచోట చేరుస్తుంది. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం కణద్రవ్యం వైపు ఉంచే తోకలో 20 నుంచి 23 వరకు ఉన్న స్థానాలలో టైరోసిన్, థ్రియోనీన్, ఆర్జినీన్, ఫినైల్ అలనీన్ వరుసగా ఉంటాయి. టైరోసిన్‌తో మొదలయ్యే ఈ చిన్న గుర్తును పట్టుకునేది మ్యూ-2. ఏపీ-2 ముడుచుకుని ఉన్నప్పుడు మ్యూ-2లోని ఆ పట్టు మూసుకుపోయి ఉంటుంది, తెరుచుకున్నప్పుడే గ్రాహకం తోక దానిలో ఇముడుతుంది.

ఏఏకే1 ఫాస్ఫేట్‌ను చేర్చేది మ్యూ-2లో 156వ స్థానంలో ఉన్న థ్రియోనీన్‌కు. మ్యూ-2 రెండు భాగాలను కలిపే పొడవాటి తీగలాంటి అనుసంధానంలో ఆ స్థానం ఉంది. క్లాథ్రిన్ అమరుతున్నప్పుడు ఏఏకే1 చురుకుదనం పెరుగుతుందని 2003లో తేలింది, కాబట్టి కణత్వచం మీద గుంట ఏర్పడుతున్న చోటే ఈ ఫాస్ఫేట్ చేరిక ఎక్కువగా జరుగుతుందని అర్థం చేసుకోవచ్చు. అయితే ఫాస్ఫేట్ చేరడం వల్ల ఏపీ-2 పని ముందుకు సాగుతుందా, లేక ముగింపు వైపు మళ్లుతుందా అన్నది ఇప్పటికీ చర్చలో ఉన్న విషయమే. ఫాస్ఫేట్ చేరిన ఏపీ-2ను నీక్యాప్ అనే ప్రోటీన్ గుర్తించి పట్టుకుంటుందని, తర్వాత దానిని మూసిన రూపానికి మళ్లిస్తుందని 2019లో కొందరు చూపించారు. అందుకే ‘ఏఏకే1 తగ్గితే ప్రవేశం తగ్గుతుంది’ అన్న సమీకరణాన్ని ముందే మనసులో పెట్టుకుని ప్రయోగానికి దిగకూడదు. ఏఏకే1ను అతిగా తయారుచేయించిన కణాలలో కూడా ట్రాన్స్‌ఫెరిన్ ప్రవేశం తగ్గినట్లు కానర్, ష్మిడ్ 2003లో చూపించారు, అదే కణాలలో ఈజీఎఫ్ అనే పెరుగుదల కారకం ప్రవేశం మాత్రం తగ్గలేదు.

మొదటి దశ: ప్రశ్నను మూడుగా విడదీయండి

ప్రయోగ పుస్తకంలో మొదటి పేజీలోనే మూడు వేర్వేరు ప్రశ్నలు రాసుకోవాలి. కణత్వచం మీద గ్రాహకాలు ఎన్ని ఉన్నాయి? వాటిలో ఎంత భాగం మొదటి కొద్ది నిమిషాలలో లోపలికి వెళ్తోంది? లోపలికి వెళ్లినవి ఎంత వేగంగా పైకి తిరిగి వస్తున్నాయి? ఈ మూడింటికీ కొలతలు వేరు, గ్రాఫులు వేరు. ఒకే ప్లేటులో మూడింటినీ ఇరికించే ప్రయత్నం చేస్తే ఏదో ఒకదానికి అదుపు నమూనా (పోల్చుకునేందుకు ఉంచే కంట్రోల్) లేకుండా పోతుంది.

రెండవ దశ: కణాలు, ఎంజైమ్‌ను తగ్గించడం

ప్రయోగశాలలో పెంచే హీలా అనే మానవ కణాలు ఈ పనికి బాగా సరిపోతాయి. వాటి మీద ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలు పుష్కలంగా ఉంటాయి, పాత ఫలితాలతో పోల్చుకోవడమూ తేలిక. ఒక జన్యువు నుంచి ప్రోటీన్ తయారీని అడ్డుకునే చిన్న ఆర్ఎన్ఏ ముక్క అయిన సైఆర్ఎన్ఏతో ఏఏకే1 తయారీని తగ్గిస్తే 48 నుంచి 72 గంటల తర్వాత ప్రయోగం చేయాలి. జన్యువులో వేర్వేరు చోట్లను లక్ష్యం చేసుకున్న కనీసం రెండు సైఆర్ఎన్ఏలు వాడాలి, ఏ జన్యువునూ తాకని మరొకటి అదుపుగా ఉండాలి. ఒక్క సైఆర్ఎన్ఏతో వచ్చిన ఫలితాన్ని ఎవరూ నమ్మనక్కరలేదు, ఎందుకంటే అది మరో జన్యువును తాకి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

అంతకన్నా బలమైన రుజువు కావాలంటే, సైఆర్ఎన్ఏ గుర్తించలేని విధంగా మార్చిన ఏఏకే1 జన్యు ప్రతిని కణాలలోకి తిరిగి ప్రవేశపెట్టాలి. దానితో పాటు, 74వ స్థానంలోని లైసిన్‌ను అలనీన్‌గా మార్చిన రూపాన్నీ వేరే పాత్రలో ప్రవేశపెట్టాలి. ఆ లైసిన్ లేకపోతే ఏటీపీని సరిగా పట్టుకోలేక ఎంజైమ్ పనిచేయదు. మామూలు రూపం లోపాన్ని సరిచేసి, పనిచేయని రూపం సరిచేయలేకపోతే, ప్రభావం ఎంజైమ్ పని వల్లనే వచ్చిందని చెప్పవచ్చు. రెండూ సరిచేస్తే, ఏఏకే1 ఫాస్ఫేట్ చేర్చడం ద్వారా కాక, క్లాథ్రిన్‌నూ ఏపీ-2నూ పట్టుకునే తన పొడవాటి తోక ద్వారా పనిచేస్తోందని అనుమానించాలి. ఇక్కడ తిరిగి ప్రవేశపెట్టిన ప్రోటీన్ మోతాదు సహజ స్థాయికి దగ్గరగా ఉండాలి, ఎక్కువైతే పైన చెప్పిన అతి తయారీ ప్రభావమే ఎదురవుతుంది.

ప్రయోగం పనిచేస్తోందని చూపడానికి మ్యూ-2 ఉపభాగాన్ని తగ్గించిన కణాలను కూడా పక్కన ఉంచుకోవాలి. ఏపీ-2 లేకపోతే ట్రాన్స్‌ఫెరిన్ ప్రవేశం బాగా పడిపోతుంది. ఆ పాత్రలో తగ్గుదల కనిపించకపోతే మిగతా ఫలితాలను చదవడం వృథా.

మూడవ దశ: ఎంజైమ్ పని నిజంగా తగ్గిందా

ప్రోటీన్లను బరువు ప్రకారం జెల్‌లో విడదీసి, పొర మీదికి మార్చి, యాంటీబాడీలతో గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో రెండు విషయాలు చూడాలి. ఒకటి ఏఏకే1 మొత్తం. లెక్క ప్రకారం దాని బరువు సుమారు 104 కిలోడాల్టన్లు, అయితే జెల్‌లో పట్టీ అంతకన్నా పైన కనిపించవచ్చు. రెండవది 156వ థ్రియోనీన్ మీద ఫాస్ఫేట్ ఉన్న మ్యూ-2, ఇది 50 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది. కణాలను పగలగొట్టే ద్రావణంలో ఫాస్ఫటేజ్ నిరోధకాలు తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే నమూనా గొట్టంలోనే ఫాస్ఫేట్ ఊడిపోతుంది. మ్యూ-2 మొత్తాన్ని కూడా అదే పొర మీద గానీ, అదే నమూనాతో నడిపిన పక్క పొర మీద గానీ చూసి, నిష్పత్తిని తీసుకోవాలి.

ఏఏకే1 దాదాపు మాయమైనా 156వ థ్రియోనీన్ మీద ఫాస్ఫేట్ పెద్దగా తగ్గకపోవచ్చు. అలా జరిగితే ప్రయోగం తప్పిందని అనుకోనక్కరలేదు. ఏఏకే1కు దగ్గరి బంధువైన బైక్, అదే కుటుంబానికి చెందిన గ్యాక్ అనే కైనేజులు కూడా అదే స్థానంలో ఫాస్ఫేట్‌ను చేర్చగలవు. ఒకటి లేని లోటును మరొకటి పూడ్చడం ఈ కుటుంబంలో ఎదురయ్యే చిక్కే. అలాంటప్పుడు ఏఏకే1, బైక్ రెండింటినీ కలిపి తగ్గించిన పాత్రను చేర్చాలి. గ్యాక్‌ను కూడా కలపాలంటే జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఏర్పడిన తిత్తి మీద నుంచి క్లాథ్రిన్‌ను విప్పే పనిలో కూడా దానికి పాత్ర ఉంది, దానిని తగ్గిస్తే వచ్చే లోపం ఫాస్ఫేట్‌కు సంబంధించినది కాకపోవచ్చు.

నాలుగవ దశ: చలిలో అంటించడం, వెచ్చదనంలో లోపలికి పంపడం

కణాలను ముందుగా సీరం లేని మాధ్యమంలో 37 డిగ్రీల దగ్గర 30 నుంచి 60 నిమిషాలు ఉంచాలి. అంతకుముందు గ్రాహకాలను పట్టుకుని ఉన్న ట్రాన్స్‌ఫెరిన్ ఈ లోగా వదిలిపోతుంది. మాధ్యమంలో 0.5 శాతం బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్), 20 మిల్లీమోలార్ హెపీస్ ఉంటే మంచిది. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ బయట పనిచేసేటప్పుడు పీహెచ్‌ను హెపీస్ నిలబెడుతుంది.

తర్వాత ప్లేటును మంచు మీద పెట్టి, మాధ్యమం పూర్తిగా చల్లబడేవరకు ఆగాలి. 4 డిగ్రీల దగ్గర గ్రాహకం ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకుంటుంది గానీ లోపలికి వెళ్లదు. ఇనుము నిండిన మానవ ట్రాన్స్‌ఫెరిన్‌కు అలెక్సా ఫ్లోర్ 488 రంగును అతికించిన రూపాన్ని మిల్లీలీటరుకు 10 నుంచి 25 మైక్రోగ్రాముల చొప్పున వేసి, చీకటిలో 30 నిమిషాలు ఉంచాలి. ఇనుము లేని ట్రాన్స్‌ఫెరిన్ తటస్థ పీహెచ్ దగ్గర గ్రాహకాన్ని సరిగా పట్టుకోదు కాబట్టి సీసా మీద ఇనుము నిండిన రూపమేనా కాదా అన్నది చదివి మరీ తీసుకోవాలి. రంగుగా ఫ్లోరెసీన్‌ను ఎంచుకోకండి. ట్రాన్స్‌ఫెరిన్ చేరే లోపలి తిత్తులలో ఆమ్లత్వం ఎక్కువ, ఆ ఆమ్లత్వంలో ఫ్లోరెసీన్ మసకబారుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ లోపలికి వెళ్లినా, వెళ్లనట్లు కనిపిస్తుంది.

పీబీఎస్ అనే చల్లని ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణంతో రెండు మూడు సార్లు కడిగి, ముందే 37 డిగ్రీలకు వేడిచేసిన మాధ్యమాన్ని పోసిన క్షణం నుంచి కాలం లెక్కించాలి. 0, 1, 2, 3, 5, 10 నిమిషాల దగ్గర ప్లేటును మంచునీటి మీదికి మార్చి, చల్లని పీబీఎస్ పోసి ఆపాలి. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం చాలా వేగంగా కదులుతుంది. మొదటి కొద్ది నిమిషాలలోనే పెద్ద భాగం లోపలికి చేరుతుంది, ఆ తర్వాత తిరుగు ప్రయాణం లెక్కలో కలిసిపోతుంది. అందుకే 10 నిమిషాల కొలతను వక్రరేఖ ఎక్కడ చదునవుతుందో చూడటానికి మాత్రమే వాడాలి. వేర్వేరు సమయాలకు వేర్వేరు ప్లేట్లు పెట్టుకుంటే పని తేలికవుతుంది, ఎందుకంటే ఒకే ప్లేటులో ఒక గుంటను చల్లబరిచి పక్కదానిని వెచ్చగా ఉంచడం సాధ్యం కాదు.

ఐదవ దశ: పైన మిగిలినదాన్ని కడిగేయడం

ఈ ప్రయోగంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. చాలా గ్రాహకాల విషయంలో ఆమ్ల ద్రావణంతో కడిగితే పైన అంటుకున్న అణువు ఊడిపోతుంది. ట్రాన్స్‌ఫెరిన్ అలా ఊడిపోదు. పీహెచ్ తగ్గినప్పుడు అది ఇనుమును వదులుతుంది గానీ, ఇనుము లేని ట్రాన్స్‌ఫెరిన్ ఆమ్ల వాతావరణంలో గ్రాహకాన్ని గట్టిగానే పట్టుకుని ఉంటుంది. పీహెచ్ మళ్లీ తటస్థానికి వచ్చినప్పుడే అది గ్రాహకాన్ని విడిచిపెడుతుంది. కణం లోపలి తిత్తులలో ఇనుమును దించి, ఖాళీ ట్రాన్స్‌ఫెరిన్‌ను పైకి మోసుకొచ్చి వదిలే సహజ చక్రం ఇదే. మనం చేసే కడుగు ఆ చక్రాన్నే కణం బయట అనుకరిస్తుంది.

కాబట్టి కడుగు రెండు మెట్లలో సాగాలి. ముందుగా 25 మిల్లీమోలార్ ఎంఈఎస్ అనే బఫర్, 150 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్, 50 మైక్రోమోలార్ డిఫెరాక్సమీన్ కలిపిన పీహెచ్ 5.0 ద్రావణంలో మంచు మీద కొన్ని నిమిషాలు ఉంచాలి. విడుదలైన ఇనుమును డిఫెరాక్సమీన్ పట్టుకుని, అది మళ్లీ ట్రాన్స్‌ఫెరిన్‌లో చేరకుండా చూస్తుంది. ఆ తర్వాత అదే డిఫెరాక్సమీన్ ఉన్న, పీహెచ్ 7.4 గల చల్లని పీబీఎస్‌తో కడగాలి. ఈ రెండు మెట్లనూ మరోసారి చేస్తే ఫలితం మెరుగవుతుంది. పీహెచ్ 2.5 దగ్గరి ఘాటైన ద్రావణాలూ వాడుకలో ఉన్నాయి గానీ, వాటి వల్ల కణాలు పాత్ర నుంచి ఊడిపోయే ప్రమాదం ఎక్కువ, పైగా తటస్థ కడుగు అవసరం వాటితో కూడా తప్పదు.

కడుగు సరిగా జరిగిందో లేదో చెప్పేది 0 నిమిషాల నమూనా. వెచ్చబరచని కణాలలో ట్రాన్స్‌ఫెరిన్ అంతా పైనే ఉంటుంది కాబట్టి, కడిగిన తర్వాత వెలుగు దాదాపు పోవాలి. కడగని నమూనాతో పోలిస్తే పదో వంతు కన్నా ఎక్కువ మిగిలితే ఆ రోజు కొలతలను పక్కన పెట్టి, కడుగు ద్రావణం పీహెచ్‌ను మళ్లీ కొలవడం మంచిది. అలాగే రంగు లేని ట్రాన్స్‌ఫెరిన్‌ను వంద రెట్లు ఎక్కువగా కలిపిన ఒక నమూనా ఉండాలి. అందులో కనిపించే వెలుగు గ్రాహకంతో సంబంధం లేనిది, దానిని మిగతా అన్నిటిలో నుంచి తీసివేయాలి.

ఆరవ దశ: కొలత, లెక్క

సూక్ష్మదర్శినిలో చూస్తే ట్రాన్స్‌ఫెరిన్ ఎక్కడ చేరిందో తెలుస్తుంది, ఒక్కో కణం వెలుగును విడిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌తో కొలిస్తే వేల కణాల సగటు వస్తుంది. వేగాన్ని లెక్కించడానికి రెండవదే నమ్మదగినది. ప్రతి నమూనాలో కనీసం 10,000 కణాలను లెక్కించి, మధ్యగతాన్ని తీసుకోవాలి. కణాలను పాత్ర నుంచి విడదీసేటప్పుడు కూడా చలి తగ్గకూడదు, గది ఉష్ణోగ్రతకు వస్తే గ్రాహకాలు మళ్లీ కదలడం మొదలుపెడతాయి.

ఒక్కో సమయం దగ్గర కడిగిన నమూనాలోని వెలుగును, 0 నిమిషాల దగ్గర కడగని నమూనాలోని వెలుగుతో భాగించాలి. పైన పట్టుకున్న గ్రాహకాలలో ఎంత భాగం లోపలికి వెళ్లిందో ఈ నిష్పత్తి చెబుతుంది. ఏఏకే1 తగ్గిన కణాలలో పైనున్న గ్రాహకాల సంఖ్యే మారి ఉంటే, ఈ భాగహారం లేకుండా చూసిన వెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వేగాన్ని మొదటి 3 నిమిషాల వాలు నుంచి తీసుకోవాలి. గణాంక పరీక్షలో నమూనా సంఖ్య అంటే వేర్వేరు రోజులలో, వేర్వేరుగా సైఆర్ఎన్ఏ ఇచ్చి చేసిన ప్రయోగాల సంఖ్య. 10,000 కణాలు కొలిచినంత మాత్రాన అది 10,000 కాదు. ఈ ఒక్క పొరపాటు వల్ల లేని తేడా కూడా గొప్ప తేడాలాగా అచ్చవుతుంది.

ఏడవ దశ: తిరుగు ప్రయాణం

ఏఏకే1ను సైఆర్ఎన్ఏతో తగ్గించినప్పుడు, తొలి తిత్తుల నుంచి ట్రాన్స్‌ఫెరిన్ పైకి తిరిగి రావడం గణనీయంగా మందగించిందని హెండర్సన్, కానర్ 2007లో ప్రకటించారు. ఈ దశను వదిలేస్తే, లోపల చిక్కుకున్న ట్రాన్స్‌ఫెరిన్‌ను చూసి ప్రవేశం పెరిగిందని రాసే ప్రమాదం ఉంది.

కణాలకు రంగు ట్రాన్స్‌ఫెరిన్‌ను 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు అందించి, మంచు మీద పైభాగాన్ని కడిగి, తర్వాత రంగు లేని ట్రాన్స్‌ఫెరిన్ వంద రెట్లు, 50 మైక్రోమోలార్ డిఫెరాక్సమీన్ ఉన్న వెచ్చని మాధ్యమానికి మార్చాలి. పైకి వచ్చి విడిపోయిన రంగు అణువు మళ్లీ లోపలికి రాకుండా ఈ రెండూ అడ్డుపడతాయి. 0, 5, 10, 15, 30 నిమిషాల దగ్గర లోపల మిగిలిన భాగాన్ని కొలిచి గీత గీయాలి. వేగంగా వచ్చే దారి, నిదానంగా వచ్చే దారి రెండూ ఉంటాయి కాబట్టి ఈ గీత ఒకే వాలుతో ఉండదు. ఏఏకే1 ప్రభావం వేగవంతమైన దారి మీద ఉంటుందని అంచనా కాబట్టి మొదటి 10 నిమిషాల కొలతలను దగ్గర దగ్గరగా తీసుకోవడం లాభిస్తుంది.

ఎనిమిదవ దశ: నిరోధకాలను వాడాలనుకుంటే

సైఆర్ఎన్ఏ మూడు రోజులు తీసుకుంటుంది, ఆ వ్యవధిలో కణం తనను తాను సర్దుకుంటుంది. మందు గంటలోపే పనిచేస్తుంది, కాబట్టి రెండింటి ఫలితాలూ కలిస్తే నమ్మకం బలపడుతుంది. నొప్పి చికిత్స కోసం రూపొందిన ఎల్‌పీ-935509 నానోమోలార్ మోతాదులలోనే ఏఏకే1ను ఆపుతుంది, అయితే బైక్‌ను కూడా దాదాపు అదే స్థాయిలో ఆపుతుంది, గ్యాక్‌ను మాత్రం చాలా ఎక్కువ మోతాదులోనే. ఎస్‌జీసీ-ఏఏకే1-1 అనే పరిశోధనా అణువుకు, దాదాపు అదే నిర్మాణం ఉండి ఎంజైమ్‌ను ఆపని జంట అణువు కూడా ఉంది. వీలైతే ఆ జంటను కలిపే వాడాలి, ఎందుకంటే మందును కరిగించే డీఎంఎస్ఓ ద్రావణి ఒక్కటే చూపలేని దుష్ప్రభావాలను ఆ జంట అణువు బయటపెడుతుంది.

బారిసిటినిబ్ అనే మందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇది ఏఏకే1ను పట్టుకుంటుంది కాబట్టి కణాలలోకి కోవిడ్ వైరస్ ప్రవేశాన్ని తగ్గించవచ్చని 2020 ఫిబ్రవరిలో బెనెవొలెంట్ ఏఐ సంస్థ పరిశోధకులు లాన్సెట్ వైద్య పత్రికలో సూచించారు. 2021 మేలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు కోవిడ్ చికిత్సలో ఈ మాత్రల అత్యవసర వినియోగానికి అనుమతి లభించింది, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ కూడా ఎలై లిల్లీ నుంచి లైసెన్సు పొందాయి. అలా ఆ పేరు మన విద్యార్థులకు బాగా పరిచయమైంది. అయినా ఏఏకే1 పనిని కొలిచే ప్రయోగంలో దీనిని ప్రధాన సాధనంగా తీసుకోవద్దు. ఇది మొదట జాక్1, జాక్2 కైనేజులను ఆపే మందు, ఏఏకే1ను ఆపే మోతాదుకు చేరేసరికి ఆ రెండూ అప్పటికే ఆగిపోయి ఉంటాయి. వచ్చిన మార్పు దేని వల్ల వచ్చిందో అప్పుడు విడదీయలేం.

తొమ్మిదవ దశ: మరో గ్రాహకంతో పోల్చడం

ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకంలో కనిపించినది అన్ని గ్రాహకాలకూ వర్తించదు. ఈజీఎఫ్ గ్రాహకాన్ని పక్కన పెట్టి చూడటం ఆనవాయితీ. ఇందులో ఈజీఎఫ్ మోతాదు మిల్లీలీటరుకు 1 లేదా 2 నానోగ్రాములు మించకూడదు, 100 నానోగ్రాముల దగ్గర క్లాథ్రిన్‌తో పనిలేని ఇతర దారులు కూడా తెరుచుకుంటాయి. ఈజీఎఫ్ విషయంలో ఆమ్ల కడుగు ఒక్కటే చాలు, పైన చెప్పిన రెండు మెట్ల చిక్కు దానికి లేదు.

వింట్ అనే సంకేత ప్రోటీన్లను అందుకునే ఎల్ఆర్‌పీ6 గ్రాహకం మరో మంచి ఎంపిక. వింట్ సంకేతం కొన్ని గంటలు కొనసాగినప్పుడు ఏఏకే1 చురుకై, మ్యూ-2కు ఫాస్ఫేట్ చేర్చి, ఎల్ఆర్‌పీ6ను లోపలికి లాగి, ఆ సంకేతాన్ని తగ్గిస్తుందని 2019లో వెలువడిన పరిశోధన చూపింది. ఇక్కడ నిమిషాల లెక్క పనికిరాదు. వింట్3ఏ ఇచ్చిన కొన్ని గంటల తర్వాత, కణత్వచం మీద మిగిలిన ఎల్ఆర్‌పీ6ను కణంలోకి చొరబడని బయోటిన్‌తో గుర్తుపెట్టి, బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ పూసలతో పట్టి, వెస్టర్న్ బ్లాట్‌లో చూడాలి. అదే నమూనాలో 156వ థ్రియోనీన్ మీది ఫాస్ఫేట్‌నూ, వింట్ సంకేతం వల్ల కణంలో పోగైన బీటా-కటెనిన్ ప్రోటీన్‌నూ కొలిస్తే, ఎంజైమ్ చురుకుదనం, గ్రాహకం స్థానం, సంకేతం బలం మూడూ ఒకే కణాల నుంచి, ఒకే గంట దగ్గర దొరుకుతాయి.